ఒక్క కుండ కూడు

విస్తట్లో అన్నం చల్లారిపోయింది. పప్పుచారు పైన పొర కట్టింది. గౌరయ్య మాత్రం పందిట్లో బల్ల మీద అటు తిరిగి కూర్చుని, బెజవాడ రోడ్డు మీద పోయే బండ్లను చూస్తున్నాడు.

పొద్దున సూర్యాపేట బస్సు దిగినప్పటి నుంచీ ఆ మనిషి పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. కాళ్లు కడుక్కొమ్మని చెంబు ఇస్తే పక్కన పెట్టి, బావి దగ్గరికి వెళ్లి తనే తోడుకున్నాడు.

వెంకటనర్సమ్మ గడప లోపల నిలబడి ఉంది. ఆయన ఆమె పెనిమిటికి అన్న. కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆయన ముందు తలెత్తి మాట్లాడి ఎరగదు. ఇప్పుడు మాట్లాడక తప్పేట్టు లేదు. కోదాడలో ఈ పూటకూళ్ల ఇల్లు ఆమెది. దారిన పోయే వాళ్లందరూ కడుపు నింపుకుని పోయే ఇంట్లో సొంత బావ పస్తు కూర్చున్నాడు.

"బావా, అన్నం చల్లారింది. మళ్లొకపారి వేడిది పెట్టాల్నా?"

గౌరయ్య ఇటు తిరగలేదు. "ఎవలు వండిన్రు నర్సమ్మా?"

లోపల పొయ్యి దగ్గర జొన్నరొట్టె తట్టే చప్పుడు ఆగిపోయింది.

నేనే వండిన అందామనుకుంది వెంకటనర్సమ్మ. ఆ చప్పుడు ఆగకుండా ఉంటే అనేసేదేమో. "ఇద్దరం వండినం" అంది.

"ఇద్దరమంటే?"

"నేను, అన్నమ్మ."

"ఆ కిరస్తానపామెనా?"

"ఆమెనే బావా."

గౌరయ్య తలగుడ్డ విప్పి మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. యేడాదిన్నరలో మనిషి సగమైపోయాడు. వెనకటి రోజుల్లో ఆయన పెరట్లో దగ్గితే ఇంటిల్లిపాదీ సర్దుకుని నిలబడేవాళ్లు. ఇప్పుడు ఆ దగ్గులో ఆయాసం తప్ప అదిలింపు లేదు.

"తమ్మునికి దినం చేద్దామని వచ్చిన" అన్నాడు.

వెంకటనర్సమ్మ ద్వారబంధం పట్టుకుంది.

ఆమె పెనిమిటి యాదగిరి పడిపోవడం చూసినవాళ్లున్నారు. రజాకార్లు ఊరి మీద పడి వాములు తగలబెట్టిన నాడు, చెరకుతోట గట్టు మీద పడ్డాడని జీతగాడు ఒకడు చెప్పాడు. శవం మాత్రం దొరకలేదు. శవం లేనిదే దహనం లేదు, దహనం లేనిదే దినం లేదు. ఆమె గాజులు ఎవరూ పగలగొట్టలేదు. ప్రాణం అరచేత పట్టుకుని పరిగెత్తుతుంటే దారిలోనే అవి ఒక్కొక్కటీ పగిలిపోయాయి.

"యూనియన్ పటాలం వచ్చినంక బాయిలన్ని తోడిపిచ్చిన" అన్నాడు గౌరయ్య. "మనయి, మంది బాయిలు, అన్ని. వాగు పొంటి ఎక్కడ మనిషి బొక్కలు కనబడ్డయన్నా పోయి సూసొచ్చిన. ఎన్నడన్న ఒకనాడు గేటు తీసుకొని వస్తడేమో అని గూడ సూసిన. పోయినోడు పోయిండని ఒప్పుకునేందుకు నాకింత కాలం పట్టింది."

"నేనింకా ఒప్పుకోలె బావా."

"ఒప్పుకోవాలె బిడ్డా. గడ్డిబొమ్మ చేసి కాలుస్తరట. అట్ల చేసి దినం చేస్తే ముడుతదని అయ్యగారు చెప్పిండు. పున్నం దాటినంక పెట్టుకున్న. వాడు కలలకొస్తున్నడు. ఏమీ మాట్లాడడు. నేను తినే కాడికొచ్చి కూసుంటడు."

అంత పెద్ద మనిషి తలగుడ్డతో కళ్లు ఒత్తుకున్నాడు. ఊరు విడిచి పారిపోయి తలదాచుకున్న సముద్రం ఒడ్డున వెంకటనర్సమ్మ ఎంతమందికి వండి పెట్టిందో, ఈ రోడ్డు మీద ఎంతమందికి పెడుతోందో ఆమెకే తెలియదు. కట్టుకున్నవాడి పేరు మీద మాత్రం ఇంతవరకు ఒక్క ముద్ద పెట్టలేదు. ఆ సంగతి తలుచుకుంటే ఆమెకు రోజూ మొదటి ముద్ద గొంతు దిగదు.

"ఎప్పుడంటే అప్పుడు వస్త బావా. నేనే వండుత."

"గాడనే వచ్చింది పరేషాన్" అన్నాడు గౌరయ్య. "కులపోళ్లు పంక్తిల కూసుంటేనే వానికి ముద్ద అందుతది. కులపెద్ద అడిగిండు. నీ మరదలు సముద్రం కాడ మాలామె తోని కలిసి ఉన్నదట గద, ఆమె చేతి కూడు తిన్నదట గద అని. మనోళ్లల్ల ఒకాయన నిరుడు సముద్రస్నానానికి పోయి నీ పందిట్లనే తినొచ్చిండు. ఆయన చెప్పిండు."

"తిన్నాయన కులం పోలేదా మరి?"

"ఆయన తెల్వక తిన్నడు."

"రెండోపారి పప్పు అడిగి మరీ తిన్నడు బావా. నాకు యాదికున్నది."

గౌరయ్య మొహంలో నవ్వులాంటిది ఒకటి కదిలి అంతలోనే పోయింది. "నేనేం చెప్పినో ఎరికేనా? అదంత ఉత్తదే, ఆమె కూలిమనిషి, బయట అంట్లు తోముతది, నా మరదలు తన పొయ్యి మీద తను వండుకున్నది అని చెప్పిన. నీ నోటితోని గా మాట ఇంటే నిమ్మలంగ తిని పోదామని వచ్చిన."

ఊరి నోరు మూయడానికి మూకుడు లేదంటారు. ఇక్కడ మూకుడు దొరికింది. దాన్ని పట్టుకుని మూయాల్సిన చెయ్యి మాత్రం వెంకటనర్సమ్మది.

ఆమె ఏమనేదో ఏమో. అంతలో బెజవాడ బస్సు వచ్చి ఆగింది.

*

కోదాడ రోడ్డు మీద కులం అడిగేవాళ్లు తక్కువ. డ్రైవరు హారన్ కొట్టేలోపల రెండు రొట్టెలూ ఇంత పచ్చిపులుసూ కడుపులో వేసుకోవడమే ఎవరికైనా కావలసింది. అన్నమ్మ అనే పేరు అన్ని కులాల్లోనూ ఉంది. ఆ ధైర్యంతోనే ఈ ఎండాకాలం నుంచీ ఇద్దరాడవాళ్లూ ఈ ఇల్లు నడుపుకొస్తున్నారు.

పక్క కిటికీ దగ్గరికి ఒక జంట వచ్చింది. మిర్యాలగూడ వైపు వాళ్లు. రొట్టెలు అందిస్తున్న అన్నమ్మను చూసి ఆ ఇల్లాలు చనువుగా పలకరించింది.

"వదినా, కార్తీక పున్నానికి బందరు సముద్రం కాడికి పోతున్నం. ఎన్నడు పోలె. గాడ తిండి, నీళ్లు మంచిగ దొరుకుతయా?"

అన్నమ్మ మొహం విప్పారింది. సముద్రం పేరెత్తితే చాలు ఆమె అంతే. పొయ్యి మీద రొట్టె మాడుతున్నా తెలియదు.

"దొరకకేం వదినా. జర తెలిసి పోవాలె. బండి దిగంగనే ఎదురొచ్చి పిలిచేటోళ్ల పందిట్లకు పోకు. నిన్నటి సాపకు ఇయ్యాల పులుసు పోసి పెడతరు. సీదా నడిస్తే సరుగుడు తోపొస్తది. దాని ఎనక గోపమ్మని, పల్లెకారామె, ఇసుకల చెలమ తీసి పెట్టుకున్నది. సముద్రం గీడనే ఉంటది గని ఆ నీళ్లు కొబ్బరినీళ్ల లెక్క ఉంటయి. కడమ బాయిల నీళ్లు నోట్లె పోసుకోలేవు. కోదాడ అన్నమ్మ చెప్పిందను, కడుపు నిండ పోస్తది."

"మరి తిండి?" అన్నాడు భర్త. అతని ధ్యాస నీళ్ల మీద లేదు.

"సందువ సాప దొరికితే అదే అడుగన్నా. పెద్ద రొయ్యలు ఉత్త సూపుకే. సిన్నయి అడుగు. సింతకాయేసి వండుతరు, ఆ రుచి మన దిక్కు ఏడ దొరకది. తాటికల్లు గూడ..."

"కార్తీకంల నీసు ముట్టం వదినా" అంది ఇల్లాలు.

భర్త మొహం ఆరిపోయింది.

"అట్లయితే మాఘంల ఇంకోపారి పోన్రి" అని నవ్వింది అన్నమ్మ. "ఉపాసమోళ్లకు గూడ దొరుకుతది. గోపమ్మనే అడుగున్రి, మంచి పప్పు పెట్టే పందిరి సూపిస్తది. మేమున్నప్పుడైతే మా అక్క వండేది. మా అక్క పప్పు తినెతందుకు ఏలూరు దిక్కు నుంచి వచ్చేటోళ్లు."

"మీరు గాడ హోటలు పెట్టిన్రా? అక్కాచెల్లెండ్లు వేరేవేరే వండేటోళ్లా?"

గడప దగ్గర నిలబడ్డ వెంకటనర్సమ్మ ఒక అడుగు ముందుకు వేసింది. అన్నమ్మా అని పిలవాలనుకుంది. బావ ముందు గొంతెత్తే అలవాటు లేక పిలుపు లోపలే ఉండిపోయింది.

"వేరెందుకు వదినా?" అంటోంది అన్నమ్మ, ఆ గొంతు నిండా గర్వమే. "నీసు దినాలల్ల నేను, ఉపాస దినాలల్ల అక్క. కుండ ఒక్కటే. మందంత తిని పోయినంక అడుగున ఉన్నదాంట్ల అక్క ఒక దిక్కు, నేనొక దిక్కు చెయ్యి పెట్టి తినేటోళ్లం. అట్ల తింటుంటే సచ్చిపోయినోళ్ల మీద దుఃఖం గూడ జరసేపు మరుస్తుంటిమి."

హారన్ మోగింది. జంట రొట్టెలు పట్టుకుని పరిగెత్తారు. దుమ్ము లేచి, పందిట్లోకి వచ్చి, ఆ చల్లారిన విస్తరి మీద పడింది.

గౌరయ్య ఇప్పుడు ఇటు తిరిగాడు.

కిటికీ దగ్గర అన్నమ్మకు అప్పుడు తెలిసింది తను ఏం చేసిందో. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అదేమీ చెడ్డమాట కాదు. తన బతుకులో జరిగిన మంచి అంతా ఆ ఒక్క మాటలో ఉందనుకుని, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పుకునే మాట. ఇవాళ కూడా అలవాటు కొద్దీ చెప్పేసింది.

"ఒక్క కుండనా?" అన్నాడు గౌరయ్య.

వెంకటనర్సమ్మ తల దించుకుంది. తరవాత ఎక్కడి నుంచి వచ్చిందో ధైర్యం, తల ఎత్తింది. "ఒక్క కుండనే బావా. అబద్ధం చెప్ప. నాలుక కాలుస్తరంటరు గద. బంగారం కాల్చి నాలుకకు పెడితే తప్పు పోతదంటరు. పెట్టుమను. ఆయనకు ముద్ద అందుతదంటే కాల్చుకుంట."

"అది ఒకపూట, తెల్వక తిన్నోళ్లకు బిడ్డా. నువ్వు తెలిసి తిన్నవ్, రోజు తిన్నవ్. నాలుక కాల్చినా సగం మంది విస్తట్ల చెయ్యి పెట్టరు. పెట్టనోళ్ల పాపం వాని మీదనే పడుతది. నేను ముసలోన్నయిపోయిన. మళ్లొకపారి వీళ్లందరి కాళ్లు పట్టుకునే ఓపిక లేదు."

"మరి నన్నేం చెయ్యమంటవు బావా?"

గౌరయ్య గొంతు తగ్గించాడు. "నేనిప్పుడు ఇన్నది ఇననట్టుంట. నా తమ్ముని కోసం ఉంట. నువ్వు లేదని చెప్పు, అంతే."

*

పెరటి వసారాలో అన్నమ్మ పిండి చేతులు అలాగే పెట్టుకుని కూర్చుంది. వెంకటనర్సమ్మ వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఎందుకన్నవే ఆ మాట?"

"నా నోట్ల మన్ను పొయ్య. తెల్వకుండ వచ్చింది."

"ఆయన ఈడనే కూసున్నడని ఎరిక గద. పొద్దటి సంది నీళ్లు ముట్టలేదని ఎరిక గద."

"ఎరికనే అక్కా."

"ఎరికుండి గూడ అంటివి."

అన్నమ్మ తల ఎత్తింది. "అబద్ధమా మరి?"

వెంకటనర్సమ్మకు కోపం రెట్టింపయింది. "నిజమని ఊరంత టముకు కొడతవా? నీకేం పోతది. నీ మొగడు మత్తయ్య మిర్యాలగూడ మిల్లుల ఉన్నడు, ఆదివారం ఆదివారం వస్తడు, నువ్వు పెడితే తింటడు. నా మొగనికి పెట్టేందుకు నాకు ఒక్కటే దినమున్నది. గది గూడ పోతది."

అన్నమ్మ ఏమీ అనలేదు. ఆమె ఊరుకుంటే వెంకటనర్సమ్మకు భయం. నోరున్న మనిషి నోరు మూసుకుంటే ఇల్లు చీకటైనట్టుంటుంది.

ఊరు విడిచి పాలేరు వాగు దాటిన నాడు కూడా ఇలాగే నోరు మూసుకుని కూర్చుంది అన్నమ్మ. ఆ నాడు వెంకటనర్సమ్మ నాలుక అంగిటికి అంటుకుపోయి, ఒడ్డున కూలబడి ఉంది. ఏటి దాకా నడిచే ఓపిక లేదు. త్రిపురారం వైపు నుంచి వచ్చిన ముక్కూమొహం తెలియని మనిషి చిప్పతో నీళ్లు తెచ్చి ఇస్తే, వెంకటనర్సమ్మ ఏ కులమని అడిగి, చెప్పగానే మొహం తిప్పుకుంది. "తాగకు మరి. నువ్వు తాగేదాక నేను గూడ తాగ" అని ఆ మనిషి చిప్ప నేల మీద పెట్టి పక్కనే కూర్చుంది. ఎండ నడినెత్తికి వచ్చింది. చివరికి వెంకటనర్సమ్మ తాగింది. తాగాక ఆ మనిషి "జర ఆగి తాగక్కా, పొరబోతది" అంది. ఆ అక్కా అన్న పిలుపుతో ఇద్దరూ సముద్రం దాకా నడిచారు.

ఇప్పుడు అదంతా గుర్తొచ్చి, అన్న మాటలకు సిగ్గేసి, వెంకటనర్సమ్మ అక్కడే కూలబడింది.

"మళ్ల సముద్రం కాడికే పోదామా అక్కా?" అంది అన్నమ్మ మెల్లగా. "గోపమ్మ రమ్మంటనే ఉన్నది. ఆడ ఎవలు అడగరు."

"ఆడికి పోతే ఆయనకు ఎవలు పెడతరు?"

"అదీ నిజమే."

"నేనేం చెయ్యాల్నో నువ్వే చెప్పు అన్నమ్మా. లేదంటే నిన్ను సంపినట్టు. ఉన్నదంటే ఆయనను మళ్ల సంపినట్టు."

అన్నమ్మ చేతులకంటిన పిండిని గిల్లుకుంటూ కూర్చుంది. పందిట్లో గౌరయ్య దగ్గు వినిపించింది. ఆ దగ్గు అయిపోయేదాకా విని, ఆమె లేచి చేతులు కడుక్కుంది. ఎప్పుడూ నడిచే నడవలోంచి కాకుండా, పెరటి తడిక తీసి ఇంటి చుట్టూ తిరిగి పోయింది.

వెంకటనర్సమ్మకు అర్థమై, లేచి లోపలి నుంచి పందిట్లోకి పరిగెత్తేసరికి, అన్నమ్మ అప్పటికే పందిరి బయట ఎండలో నిలబడి ఉంది. కొంగు భుజాల మీదుగా నిండా కప్పుకుంది. చెప్పులు విడిచి పక్కన పెట్టింది.

"పటేలా" అంది గౌరయ్యతో. "నేను ఈడ కూలిదాన్ని. అంట్లు తోముత, కట్టెలు కొడత. వంట అమ్మదే. సముద్రం కాడ గూడ అట్లనే. ఇందాక ఆ ఆడామెకు గొప్పకు చెప్పిన. నాది నోటి దూల."

గౌరయ్యకు తెలుసు, అది అబద్ధమని. ఆయనకు తెలుసని అన్నమ్మకూ తెలుసు. అయినా పెద్దమనిషి తంతు తప్పనివ్వలేదు. మరదలి వైపు తిరిగి అడిగాడు.

"నిజమేనా నర్సమ్మా?"

ఎండలో అన్నమ్మ నేల చూపులు చూస్తోంది. వెంకటనర్సమ్మ అవునని అననూ లేదు, కాదని అననూ లేదు. అటూ ఇటూ కాని ఆ ఊరుకోవడాన్ని గౌరయ్య తనకు కావలసినట్టు తీసుకున్నాడు.

"ఇగ మంచిది" అన్నాడు. "ఆ వండినయి తీసేయ్. పొయ్యి అలికి, నీళ్లు నువ్వే తోడుకొచ్చి, నీ చేత్తోని వండు బిడ్డా. ఆకలైతున్నది."

*

వెంకటనర్సమ్మ పొయ్యి అలికింది. కుండలు మార్చింది. బియ్యం కడిగింది. అన్నీ తనే చేసింది. ఎప్పుడూ పక్కన కూర్చుని మంట ఎగదోసే చెయ్యి లేక పొయ్యి రెండుసార్లు ఆరిపోయింది. పొగకు కళ్లలో నీళ్లు తిరిగాయి. పొగ మంచిది, ఎవరూ ఎందుకని అడగరు.

గౌరయ్య తిన్నాడు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కాసేపు నమలకుండా ఉండిపోయాడు.

"మా తమ్ముడు నీ పప్పు గురించి చెప్తుంటే నవ్వేటోన్ని" అన్నాడు. "పెళ్లాం వండింది ఎవలకైన మంచిగనే ఉంటదని. ఇన్నేండ్లు ఒక్క ఇంట్ల ఉండి గూడ, మా ఇంటామె వడ్డిస్తుంటే తిన్నగాని ఏది ఎవలు వండిన్రో ఎన్నడు అడగలె."

ఆయన కడుపు నిండా తింటుంటే వెంకటనర్సమ్మకు సంతోషమే వేసింది. ఆ సంతోషానికి తనను తనే చీదరించుకుంది. వడ్డించడం మాత్రం ఆపలేదు.

ఆయన తిన్నాక ఇంకొక విస్తరి వేసి, అన్నం, పప్పు, ఇంత నెయ్యి వేసుకుని పెరటి వైపు నడిచింది. అన్నమ్మ తడిక అవతల, కట్టెల మోపు పక్కన కూర్చుని ఉంది. పొద్దటి నుంచి ఆమె కూడా ఏమీ తినలేదు.

"లోపలికి రా" అంది వెంకటనర్సమ్మ గొంతు తగ్గించి. "ఆయన పందిట్ల ఒరిగిండు. సూడడు."

"వద్దు. ఈడనే పెట్టు."

"రావే. నా మీద ఒట్టు."

"పటేలు ఉన్నన్ని గడియలన్న సక్కగ ఉండాలె. పెట్టు, ఆకలైతున్నది."

వెంకటనర్సమ్మ విస్తరి నేల మీద పెట్టింది. అన్నమ్మ తినసాగింది. నాలుగు ముద్దలు తిన్నాక పొలమారింది. వెంకటనర్సమ్మ గబగబా చెంబు తెచ్చింది. చెంబు అందుకోవడానికి చెయ్యి చాచలేదు అన్నమ్మ. వంగి, రెండు చేతులూ నోటి దగ్గర దోసిలి పట్టింది.

త్రిపురారంలో, సూర్యాపేటలో, వాడ మనుషులు పై కులాల ఇళ్ల ముందు ఎలా పడతారో అలాగే. వెంకటనర్సమ్మ చిన్నతనం నుంచి ఎందరికో అలా పోసింది. ఎత్తు నుంచి, చెంబు తగలకుండా, ఎలా పొయ్యాలో ఆమె చేతికి తెలుసు. ఆలోచించకుండానే చెయ్యి పైకి లేచింది. నీళ్లు పడ్డాయి.

వెనక నుంచి గౌరయ్య గొంతు వినిపించింది. ఒరిగినవాడు ఎప్పుడు లేచి వచ్చాడో వసారాలో నిలబడి ఉన్నాడు. ఆయన మొహం వాళ్లిద్దరి వైపూ లేదు, గోడ వైపు ఉంది.

"ఇంకొక మాటున్నది. ముందే చెప్తే నువ్వు తిననియ్యవని చెప్పలే. కులపెద్ద ఉత్తమాటకు ఒప్పుకోడు. నీ మాట గాదు, నా మాట గాదు. ఆ కూలామెనే తీసుకురా అన్నడు. కిరస్తానపోళ్లకు ఒక గ్రంథముంటది గద, దాని మీద చెయ్యి పెట్టి పదిమంది ముందర చెప్పాలెనట. వెంకటనర్సమ్మ నా చేతి కూడు ఎన్నడు తినలేదు అని."

వెంకటనర్సమ్మ చేతిలో చెంబు ఆగింది. అన్నమ్మ దోసిలి మాత్రం అలాగే ఉంది. నీళ్లు వేళ్ల సందుల్లోంచి కారిపోతున్నాయి.

పొద్దున లేస్తే ఆ పుస్తకాన్ని కళ్లకద్దుకునే మనిషి అన్నమ్మ. చదవడం రాదు. మత్తయ్య ఆదివారాలు వచ్చి చదివి వినిపిస్తే వింటుంది. ఇల్లు విడిచి పరిగెత్తిన నాడు సరంజామా అంతా వదిలేసి దాన్ని ఒక్కదాన్ని చంకన పెట్టుకుని వచ్చింది. నోటితో ఆడిన అబద్ధానికి రాత్రి మోకరించి ఏడుస్తుందని వెంకటనర్సమ్మకు తెలుసు. ఆ పుస్తకం మీద చెయ్యి పెట్టి ఆడిన అబద్ధానికి ఎక్కడ ఏడవాలో ఇద్దరికీ తెలియదు.

"నాకు ఎరికనే, తప్పని" అన్నాడు గౌరయ్య గోడతోనే. "మీ దేవుడు క్షమించేటోడంటరు గద."

అన్నమ్మ ఆయన వైపు చూడలేదు. దోసిలి విడిచి, తడి చేతులు కొంగుకు తుడుచుకుని, వెంకటనర్సమ్మ మొహంలోకి చూసింది. ఇందాకటి నుంచి నేలకే ఉన్న చూపు అది.

"నువ్వు చెప్పమ్మా" అంది. "నన్ను రమ్మంటవా?"

పాలేరు ఒడ్డు నుంచి ఇవాళ్టి దాకా అక్కా అనని రోజు లేదు. ఇందాక ఎండలో అమ్మ అంటే అది బావ కోసం అన్న మాట అనుకుంది వెంకటనర్సమ్మ. ఇప్పుడు అన్నది తనతోనే. అది కోపమో, అలవాటు చేసుకోవడమో తేల్చుకునే వ్యవధి లేదు. వసారాలో ఆ ముసలాయన ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. ఆయన వెనక, ఆయన తినే చోటికి వచ్చి మాటా పలుకూ లేకుండా కూర్చునే మనిషి ఒకడున్నాడు.

వద్దనడానికే ఆమె నోరు తెరిచింది.

"రా" అంది.

ఆ మాట అన్నది తనేనని ఆమెకు తెలిసేసరికి, అన్నమ్మ సగం అన్నంతోనే విస్తరి మడిచి పట్టుకుని లేచింది.